తొలినాటి సూపర్‌హీరో జట్ల కథలను ఈనాటి పిల్లల కోసం తిరిగి చెప్పాలంటే దేన్ని ఉంచాలి, దేన్ని వదలాలి?

హంద్రీతీరం (కర్నూలు):

బొమ్మల కథల మీద ఇష్టమున్న కొందరు మిత్రులం కలిసి, హైస్కూలు పిల్లల కోసం తెలుగులో ఒక సూపర్‌హీరోల జట్టు కథను 64 పేజీల పుస్తకంగా తేవాలని కర్నూలులో పని మొదలుపెట్టాము. పాత్రలు మావే, ఊళ్లు మనవే. అయితే కథను నడిపే తీరుకు మాత్రం 1940లలో అమెరికాలో వచ్చిన తొలి జట్టు కథలను నమూనాగా తీసుకోవాలని అనుకున్నాము. ఇక్కడే మాలో మాకు అభిప్రాయభేదం వచ్చింది.

తెలియనివారి కోసం నేపథ్యం కొంచెం చెబుతాను. వేర్వేరు పత్రికల్లో విడివిడిగా నడుస్తున్న సూపర్‌హీరోలు ఒక జట్టుగా కూడడం 1940 శీతాకాలంలో వెలువడిన ‘ఆల్ స్టార్ కామిక్స్’ 3వ సంచికతో మొదలైంది. ఆ జట్టు పేరు జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా. సంపాదకుడు షెల్డన్ మేయర్, రచయిత గార్డ్‌నర్ ఫాక్స్. ఫ్లాష్, గ్రీన్ లాంటర్న్, హాక్‌మన్, డాక్టర్ ఫేట్, స్పెక్టర్, అవర్‌మన్, శాండ్‌మన్, ఆటమ్ ఒక బల్ల చుట్టూ విందుకు కూర్చొని తలా ఒక సాహసం చెప్పుకోవడమే ఆ మొదటి కథ. ఉమ్మడి శత్రువంటూ ఎవరూ లేరు. తరువాతి సంచికలో అందరికీ కలిపి ఒక పని అప్పగించారు కానీ, అప్పుడు కూడా ఎవరి దారిన వారు వెళ్లి, ఎవరి అధ్యాయంలో వారు పోరాడి, చివరి పేజీల్లో మళ్లీ కలుసుకునే పద్ధతినే పాటించారు. దాదాపు ఆ దశాబ్దమంతా కథలు ఇదే అచ్చులో నడిచాయి.

సినిమాల్లో పదిమంది వీరులను ఒకే దృశ్యంలో చూసిన పిల్లలు, జట్టు అని పేరు పెట్టి విడివిడి కథలు చెబితే మోసపోయామని అనుకుంటారని మాలో ఒకరి వాదన. ఆ పాత అచ్చును తీసేస్తే ఇక ఆ కథలను నమూనా అనుకోవడంలో అర్థమేమిటని ఇంకొకరు అడుగుతున్నారు. మూడో మిత్రుడు, 2002లో వచ్చిన ‘ది అల్టిమేట్స్’ ఎవెంజర్స్‌ను కొత్తగా మలచినట్లు, పాత కథలోని అమాయకత్వాన్ని పూర్తిగా తీసేసి కటువుగా చెబితే తప్ప ఈ కాలంవారు చదవరని గట్టిగా అంటున్నాడు. ఇలాంటి పునఃకథనాలను శ్రద్ధగా చదివినవారు ఎవరైనా దారి చూపగలరా?

పాతసంచికలు (అనంతపురం):

హంద్రీతీరం గారూ, ఆ అచ్చు ఎందుకు పుట్టిందో ముందుగా చూస్తే మీ తగాదాలో సగం తీరిపోతుందని నా నమ్మకం. ‘ఆల్ స్టార్’ పత్రికకు సొంత హీరోలంటూ లేరు. ఫ్లాష్, హాక్‌మన్ ‘ఫ్లాష్ కామిక్స్’ నుంచి, గ్రీన్ లాంటర్న్, ఆటమ్ ‘ఆల్ అమెరికన్ కామిక్స్’ నుంచి, డాక్టర్ ఫేట్, స్పెక్టర్ ‘మోర్ ఫన్’ నుంచి, అవర్‌మన్, శాండ్‌మన్ ‘అడ్వెంచర్’ నుంచి వచ్చారు. 10 సెంట్లు పెట్టి ఒక పత్రిక కొన్న కుర్రవాడు మిగతా మూడు పత్రికల వైపు కూడా చూడాలన్నది ప్రచురణకర్తల ఆలోచన. అందుకే ఒక్కొక్క అధ్యాయాన్ని వేర్వేరు చిత్రకారులు గీసేవారు, ఒక్కొక్క హీరో తన సొంత కథలోని ధోరణితోనే కనిపించేవాడు.

వ్యాపారం కోసం పెట్టుకున్న ఈ ఏర్పాటు వల్ల అనుకోకుండా ఒక మేలు జరిగింది. ఈ జట్టులో ఎవరూ ఇంకొకరి కింద పనిచేయరు. సొంత పేరుతో పత్రిక దక్కిన హీరో గౌరవ సభ్యుడై బల్ల దగ్గరి కుర్చీని ఇంకొకరికి వదిలేయాలన్న నియమం ఉండేది. ఆ లెక్కన ముందు ఫ్లాష్, ఆ వెంటనే గ్రీన్ లాంటర్న్ తప్పుకున్నారు. వారితోపాటు అధ్యక్ష పదవి కూడా చేతులు మారి చివరకు హాక్‌మన్ దగ్గర స్థిరపడింది. సూపర్‌మన్, బ్యాట్‌మన్ మొదటి నుంచీ గౌరవ సభ్యులే కాబట్టి సాధారణంగా ఆ కథల్లో కనిపించరు. అంటే అందరికన్నా పేరున్నవాడు బయట ఉంటాడు, పేరు రావలసినవాడు లోపల ఉంటాడు. ఇంత చక్కని నియమాన్ని ఈనాటి జట్టు కథల్లో ఎవరూ వాడుకోకపోవడం నాకు ఆశ్చర్యంగానే ఉంది.

1960లో ఫాక్స్ రచయితగా, జూలియస్ ష్వార్జ్ సంపాదకుడుగా, మైక్ సెకౌస్కీ చిత్రకారుడుగా ‘ది బ్రేవ్ అండ్ ది బోల్డ్’ 28వ సంచికలో జస్టిస్ లీగ్‌ను మొదలుపెట్టినప్పుడు కూడా హీరోలను చిన్న చిన్న గుంపులుగా విడదీసి పంపే అలవాటు పోలేదు. దాన్ని తెగ్గొట్టింది 1961 నవంబరు తేదీతో వచ్చిన ‘ఫెంటాస్టిక్ ఫోర్’ మొదటి సంచిక. స్టాన్ లీ, జాక్ కర్బీ సృష్టించిన ఆ నలుగురు సమావేశానికి వచ్చి వెళ్లేవారు కారు, ఒకే ఇంట్లో ఉండి పోట్లాడుకునేవారు. మొదట్లో వారికి ప్రత్యేక దుస్తులు కూడా లేవు, 3వ సంచికలో గానీ రాలేదు. 1963లో మొదలైన ఎవెంజర్స్ ఇంకా విచిత్రం: హల్క్ రెండో సంచికలోనే అలిగి వెళ్లిపోయాడు, 1965లో వచ్చిన 16వ సంచికకల్లా స్థాపకులందరూ తప్పుకొని, కెప్టెన్ అమెరికా చేతిలో ఒకప్పుడు చట్టానికి అవతలివైపు నిలిచిన ముగ్గురిని పెట్టి పోయారు.

కాబట్టి మీరు తేల్చుకోవలసింది ఒక్కటే: మీ జట్టు సంఘమా, కుటుంబమా? సంఘమైతే విడివిడి అధ్యాయాలు తప్పు కాదు. నిజానికి వాటితోనే అందం. కుటుంబమైతే పాత అచ్చు మీకు పనికిరాదు, 1961 తరువాతి నమూనాను పట్టుకోండి. పునఃకథనాల్లో చాలావరకు ఈ తేడా గమనించక చెడిపోయాయి. సంఘాన్ని తీసుకొని దానికి కుటుంబ కలహాలు అతికిస్తారు. ఈ పొరపాటు చేయనివాటిలో డార్విన్ కుక్ 2004లో ముగించిన ‘ది న్యూ ఫ్రాంటియర్’ నాకు అన్నింటికన్నా ఇష్టం. జస్టిస్ సొసైటీ తెరమరుగైనప్పటి నుంచి జస్టిస్ లీగ్ పుట్టేవరకు ఉన్న కాలాన్ని తీసుకొని, చివరిదాకా హీరోలను ఎవరి దారిలో వారిని నడిపించి, ఆఖరున కలుపుతాడు. చూస్తే 1940 నాటి అచ్చే. విడిపోవడానికి ఈసారి కారణం ఉంది, అంతే తేడా.

‘అల్టిమేట్స్’ సంగతి మీ మిత్రుడికి చెప్పండి: అది జట్టును ప్రభుత్వపు సైనిక విభాగంగా మార్చి, ఆ కాలపు అమెరికాను ప్రశ్నించిన కథ. దాని కటుత్వానికి అక్కడ పని ఉంది. హైస్కూలు పిల్లల పుస్తకంలో ఆ కటుత్వానికి ఏం పని ఉందో అతడిని చెప్పమనండి.

బుగ్గవంక (కడప):

పాతసంచికలు గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. కానీ సంఘమా, కుటుంబమా అని మొదటే తేల్చేస్తే కథ బిగుసుకుపోతుందేమో అనిపిస్తున్నది. నేను బొమ్మలు వేసుకునేదాన్ని కనుక పేజీలో ఖాళీ ఎక్కడ ఉందో ముందు చూస్తాను. ఆ మొదటి విందు కథలోనే ఒక పెద్ద ఖాళీ ఉంది, దాని గురించి ఇక్కడ ఎవరూ మాట్లాడలేదు.

ఆ విందుకు రెడ్ టొర్నాడో అనే పాత్ర కూడా వస్తుంది. అసలు పేరు మా హంకెల్. న్యూయార్క్‌లో కిరాణా కొట్టు నడుపుకునే, దిట్టమైన ఒళ్లున్న ఇల్లాలు. తలకు వంటగిన్నెను బోర్లించుకొని, వీధి రౌడీలను చితకబాదుతుంది. షెల్డన్ మేయర్ స్వయంగా రాసి గీసిన హాస్య పాత్ర అది. విందు దగ్గరికి వచ్చీ రావడంతోనే ఆమె ప్యాంటు చిరిగిపోతుంది, సిగ్గుపడి వెళ్లిపోతుంది. ఇదంతా నవ్వు కోసం పెట్టిన చిన్న ముక్క. సూపర్‌హీరోల తొలి సమావేశపు గుమ్మం దాకా వచ్చిన ఒకే ఒక ఆడమనిషిని ఆ విధంగా తిప్పి పంపారు. తరువాత వండర్ వుమన్ జట్టులోకి వచ్చినప్పుడు, బలంలో ఆ గదిలోని చాలామందిని మించిన ఆమెకు 12వ సంచికలో ఇచ్చినది కార్యదర్శి పదవి! మగవాళ్లు యుద్ధానికి పోతుంటే ఆమె సమావేశపు వివరాలు రాసుకుంటూ, చాలా కథల్లో కార్యాలయంలోనే మిగిలిపోయింది.

ఇప్పుడు ఈ కథను తిరిగి చెప్పేవారికి రెండు దారులున్నాయి. అప్పటివాళ్లు ఎంత వెనకబడి ఉన్నారో చూడండి అని ఎత్తిపొడవవచ్చు. అది తేలిక, నాలుగు పేజీలకు మించి సాగదు. లేదా, ఆ రాత్రి ఇంటికి తిరిగి వెళ్లిన మా హంకెల్ ఏం చేసింది అని అడగవచ్చు. 2000 తరువాత జస్టిస్ సొసైటీ కథలను నడిపిన రచయితలు ఈ రెండో దారినే పట్టారు. ముసలితనంలో ఆమెను వెనక్కి తెచ్చి, జట్టు కార్యాలయాన్నీ, అక్కడ దాచిన పాత జ్ఞాపకాల వస్తువులనూ చూసుకునే పెద్దమనిషిగా కూర్చోబెట్టారు. అసలు కథలో ఒక్క గీత కూడా చెరపలేదు. అయినా ఇప్పుడు వెనక్కి వెళ్లి 1940 సంచిక చదివితే ఆ చిరిగిన ప్యాంటు దగ్గర నవ్వు మునుపటిలా రాదు.

మీ పుస్తకంలో కూడా వీరులందరూ బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు టీ తెచ్చినవారు, కుర్చీలు వేసినవారు, లోపలికి రానివ్వక బయట నిలబెట్టినవారు ఎవరో ముందే రాసి పెట్టుకోండి. మన ప్రాంతంలో సమావేశాలకు వెళ్లినవారికి ఎవరు కుర్చీలో కూర్చుంటారో, ఎవరు గోడకు ఆనుకొని నిలబడతారో చెప్పనక్కరలేదు కదా. 1963 నాటి ఎక్స్‌మెన్ కూడా లోకం తమను వెలివేస్తున్నదని వాపోయే కథే, అయినా ఆ అయిదుగురు విద్యార్థులూ తెల్లవారే. 1975లో లెన్ వీన్, డేవ్ కాక్రమ్ కెన్యా నుంచి స్టార్మ్‌ను, జర్మనీ నుంచి నైట్‌క్రాలర్‌ను, రష్యా నుంచి కొలోసస్‌ను, అమెరికా ఆదివాసి అయిన థండర్‌బర్డ్‌ను తెచ్చిన తరువాతే ఆ బాధకు తగిన ముఖాలు దొరికాయి. అప్పటికి ఆ పత్రిక అయిదేళ్లుగా కొత్త కథలు లేక పాతవాటినే మళ్లీ అచ్చువేసుకుంటూ ఉంది.

చిత్రావతి (అనంతపురం జిల్లా):

ఇద్దరూ మంచి విషయాలు చెప్పారు. యుద్ధం సంగతి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అది లేకుండా ఆ కథల గురించి మాట్లాడడం కుదరదని నా అభిప్రాయం. పెర్ల్ హార్బర్ తరువాత ఆ జట్టు సభ్యులు సైన్యంలో చేరారు, జట్టు పేరు కూడా కొంతకాలం జస్టిస్ బెటాలియన్ అయింది. బుగ్గవంక గారు చెప్పిన ఆ 12వ సంచికలోనే శత్రువులు జపానీ గూఢచారులు, వారిని గీసిన తీరు ఇప్పుడు చూడడానికి కష్టంగా ఉంటుంది. ఆ కాలపు పత్రికలన్నింటిలోనూ ఉన్న జబ్బే అది. యుద్ధపు ఉద్వేగం లేకపోతే ఆ జట్టుకు అంత ఊపూ వచ్చేది కాదు, ఆ వికారమూ వచ్చేది కాదు. రెండూ ఒకే మూలం నుంచి వచ్చినప్పుడు ఒకటి ఉంచుకొని ఇంకొకటి పారేయడం, బుగ్గవంక గారు అనుకున్నంత సులువైన పని కాదు.

కానీ 1942 చివర్లో వచ్చిన 14వ సంచిక వేరే రకం. అందులో హీరోలకు అప్పగించిన పని, నాజీల ఆక్రమణలో ఆకలితో ఉన్న దేశాలకు తిండి చేర్చడం. ఒక్కొక్కరు ఒక్కొక్క దేశానికి పోతారు. ప్రచారం కోసం రాసిన కథే, అతిశయోక్తులకు లోటు లేదు. అయినా మన సీమలో పుట్టినవాడికి ఆ సంచిక వేరుగా వినిపిస్తుంది. సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా ఉండే జిల్లా మాది. 1950ల తొలి సంవత్సరాల కరువులో గంజి కేంద్రాల ముందు వరుసలో నిలబడినవారి మాటలు విని పెరిగిన తరం ఇంకా ఉంది. మీ కర్నూలు వైపు 1866 కరువులో వేలాదిమందికి అన్నం పెట్టిన ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గురించి జనం పాటలు కట్టుకొని పాడుకున్నారు. ఆ పాటల్లో దాత ఒక్కడే ఉంటాడు. వండినవారు, బండ్లు తోలినవారు, ధాన్యం ఇచ్చినవారు, కట్టెలు కొట్టినవారు కనబడరు. జట్టు కథ అనే ప్రక్రియ మనకు ఎందుకు కావాలో నాకు ఇక్కడ తోస్తుంది: అదే సంఘటనను పదిమంది చేసిన పనిగా చెప్పడానికి.

ఒక్క విన్నపం. మీ సూపర్‌హీరోల చేత మాత్రం వాన కురిపించకండి. ఆ శక్తిని ఒకడికి ఇచ్చిన క్షణంలో మిగతా పాత్రలన్నీ అనవసరమైపోతాయి, మన ఊళ్లలో చదివే పిల్లవాడు పుస్తకాన్ని నమ్మడం మానేస్తాడు.

హంద్రీతీరం (కర్నూలు):

ముగ్గురికీ కృతజ్ఞతలు. గుమ్మం దగ్గర ఆగిపోయిన మనిషి, తిండి చేర్చే పని అనే రెండూ మా వాళ్లందరికీ బాగా పట్టాయి. కటువుగా చెప్పాలన్న మిత్రుడు ఇంకా మెత్తబడలేదు కానీ, గంజి కేంద్రం అధ్యాయం తానే రాస్తానని అన్నాడు. ఇంకో రెండు సందేహాలు ఉన్నాయి. పాత పాత్రల్లో ఒకటి రెండింటిని గౌరవ సూచకంగా మా కథలోకి అతిథులుగా తేవచ్చా? హాస్యం ఎంత ఉండాలి? నలభైల కథల్లో హాస్య పాత్ర అయిన జానీ థండర్‌ను తీసేస్తే జట్టు మరీ గంభీరంగా అయిపోతున్నది. ఉంచితే కరువు కథలో అతడు అడ్డంగా ఉంటాడేమోనని భయం.

నిమ్మలకుంట దారి (ధర్మవరం):

మొదటిదానికి సమాధానం చిన్నది: తేవద్దు. 1940లో అమెరికాలో ఒక సంస్థ పేరున అచ్చయి, గడువులో హక్కులను పునరుద్ధరించుకున్న సంచికకు అక్కడ 95 ఏళ్ల రక్షణ ఉంటుంది. అంటే ఆ విందు కథ 2035 చివరి వరకు హక్కులు ఉన్నదే. ఆ తరువాత కూడా పాత్రల పేర్లకు, చిహ్నాలకు ట్రేడ్‌మార్క్ హక్కులు వేరుగా నడుస్తాయి. బల్ల, విందు, విడిపోయి కలవడం అనే పద్ధతి మాత్రం ఎవరి సొత్తూ కాదు. దాన్ని నిరభ్యంతరంగా వాడుకోండి.

రెండో ప్రశ్నకు మా దగ్గర ఒక పాత సమాధానం ఉంది. నిమ్మలకుంట తోలుబొమ్మలాటలో రామాయణం నడుస్తున్నంతసేపూ రాముడి సంభాషణ ఎవరూ మార్చరు. మధ్యలో కేతిగాడు, బంగారక్క దూరి ఆ ఊరి సంగతులన్నీ మాట్లాడతారు: ధరలు, సర్పంచి, కొత్తగా వచ్చిన సినిమా. పురాణం పాతదిగానే ఉంటుంది, ఆట మాత్రం ఆ రాత్రిదే అవుతుంది. ఈ పని పురాణపాత్రలు చేయలేవు, చేస్తే వెగటుగా ఉంటుంది. అందుకే ఆ హాస్యపాత్రలను ఎవరూ తీసేయలేదు.

జానీ థండర్‌ను ఆ కళ్లతో చూడండి. ఏడో కొడుక్కి ఏడో కొడుకుగా, ఏడో నెల ఏడో తేదీన పుట్టాడు. ఒక మంత్రపు మాట పలికితే పిడుగు రూపంలో ఉన్న భూతం ప్రత్యక్షమై చెప్పిన పని చేస్తుంది. అతడికి ఆ మాట సంగతి మొదట్లో తెలియనే తెలియదు, పొరపాటున నోట్లోంచి వచ్చినప్పుడల్లా అద్భుతాలు జరిగి తెల్లబోతుంటాడు. మొదటి విందుకు పిలుపు లేకుండానే ఊడిపడి, ఫ్లాష్ ఖాళీ చేసిన కుర్చీలో చివరకు సభ్యుడై కూర్చున్నాడు. ఆ గదిలో పాఠకుడిలాగా నోరు తెరుచుకొని చూసేవాడు అతడొక్కడే. అలాంటివాడిని కరువు కథలోంచి తీసేస్తే, ఇంత ధాన్యం గోదాములో ఉండగా ఇక్కడ వరుస ఎందుకు ఉంది అనే మొద్దు ప్రశ్న అడిగేవారు మీకు మిగలరు. గంభీరమైన వీరుడు ఆ ప్రశ్న అడిగితే ఉపన్యాసం అవుతుంది.

పాతసంచికలు గారు చెప్పిన ఇంకొక్క సంగతిని మీరు పట్టించుకున్నట్లు లేదు. ఆ కాలంలో ఒక్కొక్క అధ్యాయానికి ఒక్కొక్క చిత్రకారుడు ఉండేవాడు. మీరు కూడా కర్నూలు అధ్యాయాన్ని మీవాళ్ల చేత, కడప అధ్యాయాన్ని ఒప్పుకుంటే బుగ్గవంక గారి చేత వేయించండి. అనంతపురం అధ్యాయానికి తోలుబొమ్మలు చేసే కుటుంబాల్లోని యువకులను అడిగితే, రంధ్రాలు పొడిచిన తోలు మీది గీత ఎలా ఉంటుందో కాగితం మీద వేసి చూపగలరు. ఒకే పుస్తకంలో గీత మూడు రకాలుగా ఉంటే పొందిక ఉండదని ఎవరైనా అంటే, పొందిక కోసం చివరి విందు పేజీలు ఉన్నాయి కదా. అవి మాత్రం అందరూ ఒకచోట కూర్చొని వేయాలి.

బుగ్గవంక (కడప):

ఒప్పుకుంటున్నాను. అయితే గుమ్మం దగ్గరి మనిషి నా అధ్యాయంలోనే ఉండాలి. ఆమె కడపలో కిరాణా కొట్టు నడుపుతుంది, ప్యాంటు చిరగదు. పేజీ కొలతలు, అధ్యాయానికి ఎన్ని పేజీలో పంపితే పెన్సిల్ పని మొదలుపెడతాను.